పగటి ఉల్కలు ఆరిపోయే ఎత్తు

గంగులప్ప మదనపల్లె టమాటా మార్కెట్టులో ముప్పై నాలుగేళ్లు వేలం నడిపాడు. బాక్సుల వరసల మధ్య స్టూలేసుకుని నిలబడేవాడు. చుట్టూ నలభై మంది ఒక్కసారిగా అరుస్తున్నా, ఏ గొంతు ఎవరిదో, ఎవరు నిజంగా కొనడానికి అరుస్తున్నారో, ఎవరు ఊరికే అరుస్తున్నారో తల తిప్పకుండానే చెప్పేసేవాడు. అలాంటి మనిషికి అరవై ఆరో ఏట విషజ్వరం వచ్చింది. జ్వరం తగ్గింది కానీ, దానికి వాడిన మందుతో రెండు చెవులూ పూర్తిగా పోయాయి.

ఆస్పత్రి నుంచి ఇంటికి వచ్చిన సాయంత్రం కోడలు హేమావతికి ఇప్పటికీ గుర్తే. మంచం మీద కూర్చుని "రోంత టీవీ పెట్టండమ్మా" అన్నాడాయన. టీవీ అప్పటికే పెద్ద గొంతుతో మోగుతోంది. ఎవరూ కదలకపోయేసరికి కొడుకు మొహం, కోడలి మొహం మార్చి మార్చి చూశాడు. తరవాత మెల్లిగా గోడవైపు తిరిగి పడుకున్నాడు.

హేమావతి పనిచేసేది ఊరికి ఇరవై కిలోమీటర్ల దూరంలో, గుర్రంబండ కొండమీది రాడార్ కేంద్రంలో. ఉల్కలు ఎంత ఎత్తున కాలి ఆరిపోతాయో అంచనా కట్టడం ఆమె ఉద్యోగం. ఇసుకరేణువంత ఉల్కలు పగలూ రాత్రీ రాలుతూనే ఉంటాయి. పగలు కంటికి కనిపించవు, అంతే. గాలిలో కాలిపోతూ అవి వదిలే చారకు రేడియో తరంగం తగిలి వెనక్కి వస్తుంది. బాగా పైన గాలి పలచన కాబట్టి ఆ చార చప్పున చెదిరిపోతుంది, ప్రతిధ్వని టక్కున తెగిపోతుంది. కిందికి వచ్చేకొద్దీ చార నిలుస్తుంది, ప్రతిధ్వని సాగుతుంది. ఎంతసేపు సాగిందో కొలిస్తే ఎత్తు తెలుస్తుంది. ఎత్తు తెలిస్తే అక్కడ గాలి ఎంత చిక్కగా ఉందో తెలుస్తుంది.

ఇంటికి వస్తే మామగారు గోడవైపు తిరిగి ఉండేవాడు. మామూలు చెవి మిషన్లు ఆయనకు పనికిరాలేదు. లోపలి చెవి చచ్చిపోయింది, నరం మాత్రం బతికే ఉంది. హేమావతి, కేంద్రంలో ఎలక్ట్రానిక్స్ చూసే మౌలాలి, బెంగుళూరులో ఒక చెవి డాక్టరు, ముగ్గురూ కలిసి ఏడాదిన్నర కష్టపడి బియ్యపు గింజంత పూస ఒకటి తయారు చేశారు. దాన్ని నేరుగా నరానికే అతికించారు. లోకంలో అంతకుముందు అలాంటిది లేదు. ఆ పూస నరంతో పాటు తానూ నేర్చుకునేది. ఏది ఎక్కువగా వినిపిస్తే దానికి ఎక్కువ చోటు ఇచ్చేది.

కట్టు విప్పిన రోజు హేమావతి ఆయన ఎదురుగా వంగి, ఒక్కో అక్షరం విడదీసి, "మామా, నా మాట వినబడుతోందా?" అని గట్టిగా అడిగింది.

"అరవాకమ్మా, నేనేమన్నా చెవిటోడినా" అన్నాడు గంగులప్ప. అని కళ్లు తుడుచుకున్నాడు.

కోదండం, అంటే ఆయన కొడుకు, హేమావతి భర్త, ఊరి బయట టమాటా నారు పెంచి రైతులకు అమ్ముతాడు. ఆ రోజు నర్సరీకి వచ్చినవాళ్లందరికీ మిఠాయి పంచాడు.

మూడు నెలలు గడిచాయి. ఒకరోజు హేమావతి క్యారియర్ మరిచిపోయి డ్యూటీకి వెళ్లింది. గంగులప్ప దాన్ని పట్టుకుని బస్సెక్కి కొండమీదికి వచ్చాడు. గదిలో అడుగుపెట్టాడో లేదో ఆగిపోయాడు.

"పైన ఎవురో ఈల ఏస్తాండారమ్మా."

"పైన ఎవరూ లేరు మామా. యాంటెన్నాలు, అంతే."

"యాంటెన్నాలు ఈల ఏస్తాయా? ఇదో, పొట్టిది ఒకటి పోయె. ఇప్పుడు పొడుగుది."

మౌలాలి తెరవైపు చూశాడు. రెండు ప్రతిధ్వనులు, ఒకటి పొట్టిది, ఒకటి పొడుగుది, అప్పుడే గీతలై కనబడుతున్నాయి. కంప్యూటరు వాటిని లెక్కగట్టి తెరమీద పెట్టేలోపే పెద్దాయన మళ్లీ వేలెత్తాడు. "ఇంకొకటి." ఆయన చెవిలోని పూస కేంద్రం రిసీవర్ల సంకేతాన్ని నేరుగా అందుకుంటోందని వాళ్లకు అర్థం కావడానికి సాయంత్రమైంది. తెచ్చిన క్యారియర్ ఎవరూ తెరవలేదు.

ఆ తరవాత గంగులప్పకు అదొక సరదా అయిపోయింది. వారానికి నాలుగు రోజులు బస్సెక్కి వచ్చేవాడు. పొట్టి ఈల పైది, పొడుగు ఈల కిందిది అని హేమావతి చెప్పింది. అంతే, నెల తిరిగేసరికి నోటితోనే అంకెలు చెప్పసాగాడు. "తొంభై ఆరు. తొంభై ఒకటిన్నర." వేరే పద్ధతిలో సరిచూస్తే అర కిలోమీటరుకు మించి తేడా వచ్చేది కాదు. అంతకన్నా వింత ఇంకొకటి ఉంది. ఒకేసారి ఐదారు ఉల్కలు రాలితే ప్రతిధ్వనులు ఒకదానిమీద ఒకటి పడి కలగాపులగమయ్యేవి. కంప్యూటరు వాటిని విడదీయలేక అవతల పారేసేది. ఆయన ఒక్కొక్కటీ విడివిడిగా చెప్పేవాడు.

"ఎట్ల తెలుస్తాంది పెద్దాయనా నీకు?" అని మౌలాలి అడిగితే నవ్వాడు. "అందరూ ఒక్కసారే అరిస్తేనే గదప్పా అది మార్కెట్టు."

హేమావతి ఆ ఏడాది రాసిన పరిశోధన వ్యాసాన్ని దేశదేశాల్లో చదివారు. ఆమె జీవితంలో అంత సంతోషంగా పనిచేసిన రోజులు లేవు.

ఒక సాయంత్రం ఆమె వంటింట్లో సంగటి కెలుకుతోంది. గంగులప్ప పెరట్లో వాకిలికి వీపు పెట్టి కూర్చున్నాడు. కోదండం వచ్చి వాకిట్లోంచి పిలిచాడు. "నాయనా, సాయంత్రం మాత్ర ఏసుకున్యావా?"

"ఎవురప్పా అది?" అన్నాడు గంగులప్ప వెనక్కి తిరగకుండానే.

హేమావతి చేతిలో తెడ్డు ఆగిపోయింది. నలభై గొంతులలో ఒక్క గొంతును పట్టుకునే మనిషి కన్నకొడుకు గొంతు పోల్చుకోలేదు.

బెంగుళూరు డాక్టరు రెండు రోజులు పరీక్షలు చేసి చెప్పాడు. పూస తన పని తాను చేస్తోంది. ఎక్కువగా ఉల్కలు వినిపిస్తున్నాయి కాబట్టి ఎక్కువ చోటు వాటికే ఇస్తోంది. ఆ చోటు మనుషుల గొంతుల దగ్గర్నుంచి తీసుకుంటోంది. ఇప్పుడు ఆపితే చాలావరకు తిరిగి రావచ్చు. మళ్లీ ఒక్కసారి గంటలకొద్దీ వింటే మాత్రం నరం అలాగే గట్టిపడిపోతుంది, ఇక మారదు.

ఆ వారమే హేమావతి ఆ సంకేతం ఆయనకు అందకుండా చేసింది. ఇక కొండెక్కవద్దంది. గంగులప్ప చిన్నబుచ్చుకున్నాడు గానీ ఎదురు చెప్పలేదు. ఎనిమిది నెలలకు కొడుకు గొంతు తిరిగొచ్చింది. కోడలిది అసలు పోనేలేదు. పక్కింటి రెడ్డెమ్మది మాత్రం రాలేదు. "ఆయమ్మ మాట్లాడితే చాటలో బియ్యం చెరిగినట్ల ఉండాది" అనేవాడు. "పోనీలే, పెద్ద నష్టమేమీ ల్యా" అని గొంతు తగ్గించి అనేవాడు.

రెండేళ్ల తరవాత జూన్ మొదటి వారంలో సూర్యుడి మీద వరుసగా తుఫానులు రేగాయి. భూమి పైపొరల్లో గాలి వేడెక్కి ఉబ్బింది. సరిగ్గా అప్పుడే చంద్రుడిని చుట్టి నలుగురు మనుషులు తిరిగొస్తున్నారు. వాళ్ల నౌకలో ప్రాణవాయువు తొట్టి ఒకటి పగిలింది, ఆగి చూసే వ్యవధి లేదు. ఆదివారం మధ్యాహ్నం మూడున్నరకు గాలిలోకి దిగాల్సిందే. ఏ వాలుగా దిగాలన్నది గాలి ఎంత ఎత్తుదాకా ఉబ్బిందనే దానిమీద ఉంది. వాలు ఎక్కువైతే కాలిపోతారు, తక్కువైతే నీళ్లమీద విసిరిన పెంకులా ఎగిరి మళ్లీ శూన్యంలోకి పోతారు. అంత ఎత్తుకు బెలూన్లు ఎక్కలేవు, ఉపగ్రహాలు దిగలేవు. అక్కడికి వెళ్లేవి ఉల్కలే.

జూన్ మొదటి వారంలో ఏటా సూర్యుడి దిక్కు నుంచి పగటిపూట ఉల్కలు రాలతాయి. ఆ ఏడు ఎన్నడూ లేనంతగా రాలాయి. అదే చిక్కయింది. ప్రతిధ్వని మీద ప్రతిధ్వని పడి, పదింటిలో తొమ్మిదింటిని కంప్యూటరు పారేస్తోంది. మిగిలినవాటితో కట్టిన అంచనాలో ఆరు కిలోమీటర్ల తేడా ఉంది. నౌకను దించేవాళ్లకు ఒక కిలోమీటరు లోపు కావాలి.

ఆదివారం ఉదయం ఎనిమిదిన్నరకు వాళ్ల దగ్గర్నుంచి కేంద్రానికి ఫోను వచ్చింది. అవతలి పెద్దమనిషి ఎంతో మర్యాదగా అడిగాడు. "మీ మామగారు వినగలరని మీ వ్యాసంలో చదివాము..."

"ఆయన ఆరోగ్యం బాగాలేదండీ" అంది హేమావతి.

ఫోను పెట్టేసి బల్లమీద రెండు చేతులూ ఆనించి కూర్చుంది. మౌలాలి ఆమెవైపు చూడలేదు. కాసేపటికి లేచి బయటికి వెళ్లాడు.

తొమ్మిదిన్నరకు గేటు దగ్గర మోటారుసైకిలు ఆగింది. కోదండం నడుపుతున్నాడు, వెనక గంగులప్ప కూర్చున్నాడు, తెల్లపంచె కట్టుకుని.

"నాకు బాగాలేదని చెప్పినావంట" అన్నాడు లోపలికి వస్తూనే.

"ఎవరు చెప్పారు?"

"టీవీలో చూసి నేనే మౌలాలికి ఫోను చేసినా. గుచ్చి గుచ్చి అడిగితి. పాపం, దాపెట్టలేకపాయ. వాన్నేమీ అనాకు."

హేమావతి భర్తవైపు చూసింది. "మీరైనా చెప్పలేదా?"

"నా మాట యాడ వింటాడు" అన్నాడు కోదండం. అతని మొహం పాలిపోయి ఉంది. "నువ్వు చెప్తే వింటాడని పిల్చుకొచ్చినా. నువ్వు వద్దంటే ఇట్లనే ఇంటికి తీస్కపోతా."

"వద్దనే అంటున్నా" అంది హేమావతి. "ఐదు గంటలు వినాలి మామా. ఈసారి పోతే తిరిగి రావు. మా గొంతులేవీ రావు. డాక్టరు చెప్పింది మీరూ విన్నారు."

"విన్నా. ఈ చెవి నువ్వు ఇచ్చిందే గదా. అందుకే నిన్ను అడిగేదానికి వచ్చినా, చెప్పి పోయేదానికి కాదు." గంగులప్ప కుర్చీ లాక్కుని ఆమె ఎదురుగా కూర్చున్నాడు. "ఆ నలుగురికీ ఇండ్లుంటాయి గదమ్మా. తలుపు కాడ వాళ్ల గొంతు వినబడాలని ఎవురో ఒకరు చెవులు పెట్టుకోనుంటారు. నాకు రెండేండ్లు వినబడకుండా ఉండె. అది ఎట్లుంటాదో నాకు తెలుసు. వాళ్లకి అట్ల కాకూడదు."

"మీకు కావచ్చా?"

"నాకు మీ మొగాలుంటాయి."

హేమావతి గోడ గడియారం చూసింది. పది నిమిషాలు టైమివ్వమంది.

"తీస్కో. అంతలోపల ఆ పేపరు తియ్యి. ఈపొద్దు చదవకుండానే వచ్చేస్తివి."

కట్టు విప్పిన మర్నాటి నుంచీ ఆమె పొద్దున్నే ఆయనకు జిల్లా పేజీ చదివి వినిపించేది. అది ఇంట్లో అలవాటైపోయింది. హేమావతి పేపరు విప్పింది. తంబళ్లపల్లె దారిలో కల్వర్టు కూలిన వార్త చదివింది. బి.కొత్తకోటలో నీళ్ల ట్యాంకరు బోల్తాపడిన వార్త చదివింది. హార్సిలీ కొండ కింద ఒక రైతు కోళ్లగూట్లో చిరుతపులి దూరి, బయటికి రాలేక తెల్లారేదాకా కోళ్లతో పాటే కూర్చుందన్న వార్త చదివింది. గంగులప్ప కళ్లు మూసుకుని విన్నాడు.

"ఆ చిరుతపులిది ఇంగొకసారి చదువు" అన్నాడు.

ఆమె మళ్లీ చదివింది. కోదండం కిటికీ దగ్గర నిలబడి బయటికి చూస్తూ ఉన్నాడు. అప్పుడు గంగులప్ప కొడుకును పిలిచి, "నువ్వూ ఏమన్నా చెప్పరా" అన్నాడు.

కోదండం కిటికీ వదిలి దగ్గరికి వచ్చాడు. "నారు మడికి నీళ్లు పెట్టొచ్చినా నాయనా" అన్నాడు.

"మంచిది" అన్నాడు గంగులప్ప. "ఊఁ, కానీండి."

పది గంటల ఐదు నిమిషాలకు హేమావతి తన చేత్తోనే సంకేతం కలిపింది. గంగులప్ప ఒక్కసారి తల వెనక్కి వాల్చి, మళ్లీ సర్దుకున్నాడు. "అబ్బో, నిండా జనం ఉండారే" అన్నాడు. ఆ తరవాత దాదాపు ఐదు గంటలు అంకెలు తప్ప ఆయన నోట ఇంకో మాట రాలేదు.

"తొంభై ఏడు. తొంభై తొమ్మిది. నూటొకటి. దాని ఎనకాలే ఇంగొకటి, తొంభై ఎనిమిదిన్నర." కుడిచెయ్యి గాలిలో పైకీ కిందికీ కదులుతోంది. మౌలాలి టైపు చేస్తున్నాడు. హేమావతి వాటిని అంతకుముందరి జూన్ లెక్కలతో పోల్చి చూస్తోంది. పదకొండింటికి గీత ఒక రూపానికి వచ్చింది. అన్ని ఉల్కలూ మామూలుకన్నా నాలుగు కిలోమీటర్లు పైనే ఆరిపోతున్నాయి. గాలి అందరూ అనుకున్నదానికన్నా బాగా ఉబ్బింది.

పన్నెండున్నరకు ఆమె "మామా, నీళ్లు" అంది. ఆయన అంకెలు ఆపకుండానే చెయ్యి చాచాడు.

రెండింటికి మళ్లీ "మామా" అంది. ఆయన చెయ్యి చాచలేదు. కనురెప్ప కూడా కదల్లేదు. ఆమె రెండోసారి పిలవలేదు. వెళ్లి గ్లాసు ఆయన చేతిలో పెట్టి, వేళ్లు దానిచుట్టూ ముడిచింది. వచ్చి తన కుర్చీలో కూర్చుని గీత మీద పెన్సిలు పెట్టింది. తెర కాసేపు ఆమెకు మసకగా కనిపించింది.

రెండూ నలభైకి లెక్క తేలింది. ఏడు వందల మీటర్ల తేడాలోపు. ఫోనులో ఆమె చెప్పిన అంకెను అవతలివాళ్లు రెండుసార్లు తిరిగి చదివి సరిచూసుకున్నారు. దిగే వాలును డిగ్రీలో మూడోవంతు మార్చారు. మూడున్నర నుంచి ఆరు నిమిషాలు నౌక నుంచి మాట లేదు. ఏడో నిమిషంలో ఒక ఆడమనిషి గొంతు, బాగా అలిసిపోయిన గొంతు, గదిలోని స్పీకర్లో వినిపించింది. మౌలాలి కుర్చీలోంచి లేచి గోడకు తల ఆనించుకున్నాడు. కోదండం చప్పట్లు కొట్టబోయి ఆగి తండ్రివైపు చూశాడు.

గంగులప్ప వాళ్ల మొహాలు ఒక్కొక్కటే చూశాడు. "దిగినారా?" అన్నాడు.

హేమావతి తలూపింది.

ఈసారి డాక్టరు రెండు రోజులు తీసుకోలేదు. ఒక్క పూటలోనే తేల్చేశాడు. నరం గట్టిపడిపోయింది. మనుషుల మాటలు ఆయనకు ఇక రేకు మీద గాలి కొట్టినట్లే ఉంటాయి.

ఆగస్టులో ఆ నౌక నడిపిన వ్యోమగామి గంగులప్ప ఇంటికి వచ్చింది. ఆయన రెండు చేతులూ పట్టుకుని చాలాసేపు మాట్లాడింది. ఆయన ఓపిగ్గా ఆమె పెదవులవైపే చూస్తూ కూర్చున్నాడు. ఆఖరున కోడలితో "ఆయమ్మ బాగా చిక్కిపోయినట్లుండాది. కూడు పెట్టి పంపించు" అన్నాడు.

పైఅధికారులు ఆ పూసను ఇంకో పన్నెండు మందికి పెడదామన్నారు. మాకు పెట్టండని ముందుకొచ్చిన పడుచువాళ్లు కూడా ఉన్నారు. కేంద్రం మొత్తాన్ని హేమావతి చేతికే ఇస్తామన్నారు. ఆమె ఒప్పుకోలేదు. ఆ రోజు గంగులప్ప చెప్పిన నాలుగు వేల ఎత్తులూ రికార్డయి ఉన్నాయని, వాటితో కంప్యూటరుకే నేర్పుదామని, ఎన్నేళ్లు పట్టినా సరే ఇంకో మనిషి నరాన్ని ముట్టుకోనని రాసిచ్చింది. కేంద్రం ఇంకొకరి చేతికి వెళ్లింది. ఆమె, మౌలాలి పక్కగదిలో కూర్చుని కంప్యూటరుకు నేర్పించే పని మొదలుపెట్టారు.

ఇంట్లో గంగులప్పతో పలక మీద రాసి మాట్లాడుతున్నారు. పూసను పూర్తిగా ఆపేయనా అని హేమావతి రాస్తే ఆయన అడ్డంగా తలూపాడు. "ఉండనీ. అదీ లేకపోతే మరీ పాడుబడిన ఇల్లు మాదిరి ఉంటాది." కేంద్రం సంకేతాన్ని అందుకునే చిన్న రిసీవరు ఒకటి చొక్కా జేబులో పెట్టుకుని తిరుగుతున్నాడు. ఆయన అలా కూర్చుని ఉంటే, నేనే కదా ఇదంతా చేసింది అనుకునేది హేమావతి. ఎదురుగా వెళ్లడానికే జంకేది.

డిసెంబరులో ఒక సెలవురోజు, పదకొండింటప్పుడు, ఇద్దరూ పెరట్లో ఎండలో కూర్చుని అనపకాయలు ఒలిచి చాటలో గింజలు వేస్తున్నారు. ఉన్నట్టుండి గంగులప్ప "ఆఁ" అన్నాడు, ఎవరో పిలిస్తే పలికినట్లు. హేమావతి తలెత్తి చూసింది. ఆయన తన పని తాను చేసుకుంటున్నాడు. ఇంకో పది కాయలు ఒలిచాక మళ్లీ "ఆఁ" అన్నాడు. ఈసారి తనే గమనించుకుని, సిగ్గుపడి తల వంచుకున్నాడు.

ఆమె చేతులు తుడుచుకుని పలక అందుకుంది. 'ఎవరు పిలిచారు?'

"చెప్తే నవ్వుతావు."

'నవ్వను.'

ఆయన కాసేపు గింజలు అరచేతిలో ఆడించాడు. "ఈమధ్యనే కనిపెట్టినా. అన్ని ఈలలూ ఒగటే మాదిరి ఉండవు. తొంభైనాలుగు కాడ ఆరిపొయ్యేది ఉండాదే, అది అచ్చం కోదండం గొంతే. వాడూ అంతే గదా, ఎత్తుకునేది పైన ఎత్తుకుంటాడు, చప్పున చల్లారిపోతాడు. నూటరెండు కాడ రెడ్డెమ్మ కూడా ఉండాది, ఆయమ్మ యాడికీ పోలే." ఆగి, కోడలివైపు చూశాడు. "నీ గొంతు ఎనభై ఏడు కాడ ఉండాది. నువ్వు మామా అని పిలుస్తావే, అదే. ఒగ రవ్వ సాగదీసి."

హేమావతికి విషయం వెంటనే అర్థమైంది. ఉల్కలు గొంతుల చోటు ఆక్రమించాయని డాక్టరు అన్నాడు. కానీ ఆ చోటు ఖాళీ చేసిన చోటు కాదు. ఒకప్పుడు ఆమె మాటకు పలికిన నరపుపోగులే ఇప్పుడు ఆ ఎత్తుకు పలుకుతున్నాయి, వాటికి తెలిసింది ఆ గొంతుతో పలకడమే కాబట్టి. కాగితం మీద గీసి చూపించవచ్చు. ఇంకో వ్యాసం రాయవచ్చు. ఆమె పలక మీద ఇంకొకటి రాసింది. 'రోజుకు ఎన్నిసార్లు పిలుస్తాను?'

"నేనేమన్నా ఎంచుతానా. నువ్వు ఇంట్లో ఉన్నప్పుడు పిలిచేదానికంటే ఎక్కువే. డ్యూటీకి పోయినా పిలుస్తానే ఉంటావు."

ఆమె నవ్వనన్న మాట తప్పింది. నవ్వుతూనే కొంగుతో కళ్లు ఒత్తుకుంది. ఎండ నెత్తిమీదికి వస్తోంది. చాటలో గింజలు సగం కూడా కాలేదు. ఆమె పీట దగ్గరికి జరుపుకుని ఇంకో గుప్పెడు కాయలు తీసుకుంది.

"ఆఁ, చెప్పమ్మా" అన్నాడు గంగులప్ప. పైకి చూస్తూ కాదు, ఆమెవైపే చూస్తూ.